అరచేతిలో చక్రవర్తి

రాజును చూసిన కంటితో మొగుణ్ణి చూస్తే మొత్తబుద్ధి అయిందని మనలో ఒక సామెత ఉంది. ఆ ఇల్లాలి సంగతి ఎలా ఉన్నా, పూర్వకాలంలో రాజును కళ్ళారా చూసే భాగ్యం ఎంతమందికి పట్టి ఉంటుంది? రాజు కోటలో ఉంటాడు. ప్రజలు పొలాల్లో ఉంటారు. పత్రికలు లేవు, ఫొటోలు లేవు, వెండితెర లేదు. తమను ఏలే ప్రభువు ముక్కు ఎలా ఉంటుందో తెలియకుండానే తరాలకు తరాలు పన్నులు కట్టి వెళ్ళిపోయాయి.

వెండితెర లేని ఆ రోజుల్లో వెండి బిళ్ళనే తెరగా చేసుకున్నవారు రోమను చక్రవర్తులు. రాజు తలను నాణెం మీద అచ్చు వేసే పద్ధతి అలెగ్జాండరు తరువాతి గ్రీకు రాజుల నాటికే ఉంది. కాని దాన్ని ఒక కళగా, ఒక ప్రచార యంత్రంగా తీర్చిదిద్దిన ఘనత రోమునగరానిదే. బ్రిటన్‌లో కాపలా కాసే సిపాయికీ, సిరియాలో నూనె అమ్మే వర్తకుడికీ చక్రవర్తి ఒకేలా కనిపించేవాడు, అరచేతిలో, మన పావలా కాసంత వెండి ముక్క మీద.

ఆ ముక్క పేరు దీనారం. రోమనులు 'డినేరియస్' అన్నారు. దాని కథ చదువుతూ ఉంటే నాకు ఒక సంగతి తట్టింది. ప్రతి దీనారమూ రెండు మాటలు చెబుతుంది. ఒక మాట బొమ్మ చెబుతుంది, రెండో మాట వెండి చెబుతుంది. ఆ రెండు మాటలూ ఏకమైనంత కాలం రోముకు లోకమంతటా పరపతి ఉంది. అవి వేరుపడ్డ నాటి నుంచి ఏం జరిగిందన్నదే ఈ కథ.

దేవతల కాలం

దీనారం పుట్టింది సుమారు క్రీ. పూ. 211లో. రోముకూ, కార్తేజికీ ప్రాణాంతకమైన యుద్ధం నడుస్తున్న రోజులవి. పేరుకు అర్థం 'పదింటిది' అని. పది కంచు కాసులకు ఒక దీనారం మారకం. మొదటి నాణేల మీద పది అంకెను తెలిపే గుర్తు కూడా వేశారు. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమాదేవి తల, రెండోవైపు గుర్రాల మీద దూసుకుపోతున్న కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలు. మన అశ్వినీదేవతలకు దగ్గరి చుట్టాల్లా కనిపిస్తారు వీళ్ళు.

టంకశాల రోములో కాపిటల్ కొండమీద, జూనో మోనేటా అనే అమ్మవారి గుడి చెంత ఉండేది. ఇంగ్లీషులో 'మనీ', 'మింట్' అనే మాటలు రెండూ ఆ అమ్మవారి పేరు నుంచి పుట్టినవే. నాణేలు కొట్టే పని చేతిపనే. అడుగు అచ్చును దిమ్మలో బిగించేవారు. దాని మీద కాల్చిన వెండి బిళ్ళ పెట్టి, పైన రెండో అచ్చు ఉంచి, సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. అందుకే ఏ రెండు దీనారాలూ అచ్చంగా ఒక్కలాగే ఉండవు. ఒకదానిలో బొమ్మ పక్కకు జరుగుతుంది, ఇంకొకదానిలో అక్షరాలు అంచు దాటిపోతాయి. క్రీ. పూ. 46లో టైటస్ కారీసియస్ అనే టంకశాలాధికారి ఒకవైపు మోనేటా అమ్మవారి తలనూ, మరోవైపు దాగలి, సుత్తి, పట్టుకారునూ వేయించాడు. తమ పనిముట్లకు తామే చేసుకున్న ఆయుధపూజ అది!

ఆ కాలంలో రోముకు రాజు లేడు. ఏటేటా నియమితులయ్యే ముగ్గురు యువకులు నాణేల వ్యవహారం చూసేవారు. వాళ్ళు తమ తాత ముత్తాతల ఘనకార్యాలను నాణేల మీదికి ఎక్కించుకున్నా ఎవరూ కాదనేవారు కారు. అయితే ఒక కట్టుబాటు మాత్రం ఉండేది. బతికి ఉన్న మనిషి ముఖం నాణెం మీదికి రాకూడదు. అక్కడ ఉండవలసింది దేవతలు, లేదా చనిపోయిన పెద్దలు.

బతికున్నవాడి బొమ్మ

ఆ కట్టుబాటు క్రీ. పూ. 44లో తెగిపోయింది. జూలియస్ సీజరు తలను నాణేల మీద వేయడానికి సెనేటు అనుమతించింది. బట్టతలను కప్పుతూ విజయమాల, సన్నని మెడ మీద ముడతలు, పక్కన 'శాశ్వత నియంత' అనే బిరుదు. శాశ్వతం అన్నమాట అచ్చయిన కొద్ది వారాలకే, మార్చి 15న, ఆయన సెనేటు సభలో కత్తిపోట్లకు నేలకొరిగాడు.

చంపినవారిలో ముఖ్యుడు బ్రూటస్. ఈయన చిత్రం చూడండి. పదేళ్ళ క్రితం తాను టంకశాలాధికారిగా ఉన్న రోజుల్లో స్వేచ్ఛాదేవి తలనూ, రోము నుంచి రాజులను తరిమివేసిన తన పూర్వీకుడినీ నాణేల మీద వేయించినవాడు. రాచరికపు వాసన తగిలితేనే మండిపడేవాడు. అటువంటి బ్రూటస్ క్రీ. పూ. 42లో తన సైన్యానికి జీతాలు ఇవ్వడానికి కొట్టించిన దీనారం మీద ఎవరి ముఖం ఉంది? తన ముఖమే! వెనకవైపు రెండు బాకులు, నడుమ దాస్యవిముక్తుడు పెట్టుకునే టోపీ, కింద 'మార్చి 15' అనే తేదీ. స్వేచ్ఛ కోసమే హత్య చేశానని ఒకవైపు చెబుతూ, ఏ పని చేసినందుకు సీజరును తప్పుపట్టారో ఆ పనినే రెండోవైపు చేశాడు. హత్య తేదీని నాణెం మీద అచ్చువేసి గొప్పగా చెప్పుకున్నవాళ్ళు చరిత్రలో అరుదు.

బ్రూటసును ఓడించినవారిలో ఒకడు మార్క్ ఆంటొనీ. ఈజిప్టు రాణి క్లియోపాత్రాతో చేతులు కలిపి క్రీ. పూ. 32, 31 సంవత్సరాల్లో ఇతడు తన సేనలకు పంచిన దీనారాల మీద ఒకవైపు యుద్ధనౌక, మరోవైపు సైన్యపు గరుడధ్వజం ఉంటాయి. బొమ్మ దివ్యంగా ఉంది గాని, వెండిలో కల్తీ ఉంది. ఫలితం ఏమిటంటే, జనం మంచి నాణేలను దాచుకుని ఆంటొనీ నాణేలనే ఖర్చు పెట్టారు. ఆయన చనిపోయిన రెండువందల ఏళ్ళకు కూడా అవి అరిగి అరిగి, బొమ్మ తెలియకుండాపోయి, చేతులు మారుతూనే ఉన్నాయి. మంచి డబ్బు పెట్టెలోకి, చెడ్డ డబ్బు బజారులోకి అన్న సూత్రం ఆర్థికశాస్త్రం చదవని ఆడవాళ్ళకు అప్పుడే తెలుసు.

ముసలితనం లేని ముఖం

ఆంటొనీని ఓడించిన ఆక్టేవియనే తరువాత అగస్టస్ చక్రవర్తి అయ్యాడు. నాణెం మహిమను ఈయన గ్రహించినంతగా మరెవరూ గ్రహించలేదంటాను. ఈజిప్టును గెలిచాడు, నాణెం మీద ఒక మొసలి, 'ఈజిప్టు చిక్కింది' అనే ముక్క. అంతే! చదువు రానివాడికి కూడా విషయం తెలిసిపోతుంది. సీజరు చనిపోయాక ఆకాశంలో తోకచుక్క కనిపించింది. అది ఆయన దేవుడైన గుర్తు అన్నారు. నాణెం మీద ఎనిమిది కిరణాల చుక్క వెలిసింది. తండ్రి దేవుడైతే దత్తపుత్రుడు దేవుడి కొడుకే గదా! ఆ మాట కూడా నాణెం మీద మరవకుండా వేయించుకున్నాడు.

అన్నిటికంటె చిత్రం ఆయన ముఖం. అగస్టస్ క్రీ. శ. 14లో, డెబ్భై అయిదేళ్ళు నిండిన వయస్సులో కాలం చేశాడు. చివరి నాణెం దాకా ఆయన నిగనిగలాడే పడుచువాడే. మనుమలను ఎత్తుకున్న తరువాత కూడా కాలేజీ కుర్రవాడి వేషం కట్టే మన సినిమా హీరోలకు ఆయనే ఆదిగురువు కాబోలు.

కాని అచ్చులు చెక్కినవారికి తెలిసినది విధికి తెలియాలని లేదు. అగస్టస్‌కు కొడుకులు లేరు. కూతురి కొడుకులు గయస్, లూషియస్ అనే ఇద్దరు పిల్లలను దత్తత చేసుకున్నాడు. క్రీ. పూ. 2 ప్రాంతం నుంచి, నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరపు టంకశాలలో ఒక కొత్త దీనారం తయారయింది. ఒకవైపు తాతగారి తల. రెండోవైపు ఇద్దరు యువరాజులు పక్కపక్కన నిలబడి ఉంటారు; వారి నడుమ డాళ్ళు, బల్లేలు. నా తరువాత వీళ్ళు, మీరేమీ బెంగపడకండి అని దేశానికి ధైర్యం చెప్పే బొమ్మ అది. క్రీ. శ. 2లో లూషియస్ పోయాడు. క్రీ. శ. 4లో గయస్ కూడా పోయాడు. ఇద్దరిలో ఎవరికీ ముప్ఫై ఏళ్ళు కూడా రాలేదు. లక్షల నాణేల మీద యువరాజులు నిలబడే ఉన్నారు. ఇంట్లో మాత్రం ముసలాయన ఒక్కడే మిగిలాడు.

అక్కనపల్లి నిధి

ఆ యువరాజులు ఎంతదూరం ప్రయాణం చేశారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక నిధి దొరికింది. అందులో 1531 రోమను వెండి దీనారాలున్నాయి. వాటిలో చాలా భాగం అగస్టస్‌వి, ఆయన తరువాత వచ్చిన టైబీరియస్‌వి. దక్షిణ భారతంలో దొరికిన వెండి దీనారాల్లో అత్యధికం రెండే రకాలు. ఒకటి ఇప్పుడు చెప్పిన యువరాజుల నాణెం. రెండోది టైబీరియస్ తల ఒకవైపు, దండం పట్టుకుని కూర్చున్న స్త్రీమూర్తి మరోవైపు ఉన్న నాణెం. పన్ను కట్టవచ్చునా, కూడదా అని అడిగినవారికి యేసుక్రీస్తు ఒక దీనారం తెప్పించి, దాని మీది బొమ్మను చూపి జవాబు చెప్పినట్టు బైబిలులో ఉన్న ఘట్టం మీకు తెలిసే ఉంటుంది. ఆ నాణెం ఈ టైబీరియస్ నాణెమే అయి ఉంటుందని పలువురి అభిప్రాయం. యెరూషలేములో ఆయన చేతికి వచ్చిన రకం, నల్లగొండ మట్టిలో పడుకున్న రకం ఒకటే!

ఇంత వెండి ఇక్కడికి ఎందుకు వచ్చింది? మిరియాలకు, ముత్యాలకు, సన్నని నూలు బట్టలకు. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో తూర్పుతీరపు మసాలియా ప్రస్తావన ఉంది. అక్కడ సన్నని బట్టలు విస్తారంగా నేసేవారని చెప్పాడు. మసాలియా అంటే మన బందరు సీమ. మన బట్ట కట్టి రోమను స్త్రీలు మురుస్తూంటే అక్కడి పెద్దలు గుండెలు బాదుకున్నారు. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా ఇండియా లాగేస్తున్నదని ప్లినీ అనే పండితుడు లెక్క చెప్పి వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక దీనారం. అంటే కోటీ పాతిక లక్షల దీనారాలన్నమాట!

మనవారు ఆ ముఖాలను ఏం చేసుకున్నారు? కొన్నిచోట్ల ముచ్చటపడి ధరించారు. మెదకు సీమలోని కొండాపూర్ తవ్వకాల్లో టైబీరియస్ నాణేన్ని చూసి మట్టితో అచ్చుతీసిన బిళ్ళలు దొరికాయి. మరికొన్నిచోట్ల, ముఖ్యంగా బంగారు నాణేల మీద, చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టారు. లోపల లోహం సరిగా ఉందో లేదో చూడడానికని కొందరు, ఇక ఇది నాణెం కాదు, బంగారం మాత్రమే అని చెప్పడానికని కొందరు అంటారు. ఏదయినా మన వర్తకులకు ఆ ముఖం మీద భక్తి లేదన్నది స్పష్టమే.

ముఖం విలువ మన రాజులకు తెలియదని కాదు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాట రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిదివేలకు పైగా నాణేల మీద, నహపానుణ్ణి ఓడించిన శాతవాహన ప్రభువు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. ఓడినవాడి ముక్కు మీద గెలిచినవాడి గుర్తు! ఆయన తరువాతి పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి తమ తలలతోనే వెండి నాణేలు వేయించారు.

లంకారాజు తీర్పు

ప్లినీ మరో ముచ్చట రాశాడు. క్లాడియస్ చక్రవర్తి కాలంలో, ఎర్రసముద్రం పన్నులు గుత్తకు తీసుకున్న ఒక రోమనుడి మనిషి ఓడ మీద పోతూ గాలివానకు కొట్టుకుపోయి పదిహేనో రోజున లంకలో తేలాడు. అక్కడి రాజు ఆరు నెలలు ఆతిథ్యమిచ్చాడు. అతిథి ఆ దేశపు భాష నేర్చుకుని తన చక్రవర్తి గొప్పలు చెప్పసాగాడు. రాజు అన్నీ విన్నాడు. అయితే ఆయన మనస్సును పట్టుకున్నది ఆ మాటలు కావు. అతని దగ్గర దొరికిన దీనారాలను పరిశీలించి చూశాడు. వాటి మీది ముఖాలు వేరువేరు. అంటే వేరువేరు ప్రభువులు వేరువేరు కాలాల్లో కొట్టించినవి. అయినా అన్నిటి బరువూ ఒక్కటే! ఏలిక మారినా మాట మారని ఈ జాతి నమ్మదగినది అని తీర్మానించి, నలుగురు రాయబారులను రోముకు పంపించాడట.

నాకు ఈ కథలో లంకారాజు చాలా నచ్చాడు. ముఖాలను చూసి మురిసిపోలేదు. తూకం వేశాడు.

అప్పటి దీనారం బరువు సుమారు 3.9 గ్రాములు. రోమను పౌను వెండిలో ఎనభై నాలుగు నాణేలు కొట్టేవారు. వెండి దాదాపు స్వచ్ఛం. మన పాత తులం రూపాయి బరువు 11.66 గ్రాములు గనుక మూడు దీనారాలు ఒక రూపాయికి సరితూగుతాయి. అగస్టస్ నాటి కాలిసిపాయికి ఏడాది జీతం 225 దీనారాలు. ద్రాక్షతోట కూలికి రోజుకు ఒక దీనారమని బైబిలు కథ ఒకటి చెబుతుంది. అంటే దీనారంలో వెండి తగ్గించడమంటే సిపాయి రక్తం నుంచి, కూలివాడి చెమట నుంచి చిటికెడు తీసుకోవడమే.

ఆ చిటికెడు తీసినవాడు నీరో. క్రీ. శ. 64లో రోము నగరం తగులబడింది. ఊరు తిరిగి కట్టాలి, తనకొక బంగారు భవనం కట్టుకోవాలి. డబ్బు చాలలేదు. పౌనుకు ఎనభై నాలుగు బదులు తొంభై ఆరు నాణేలు కొట్టమన్నాడు. వెండిలో రాగి కూడా కలిపించాడు. నాణేల వరస చూస్తే నీరో ముఖం ఏటేటా బలిసి గెడ్డం కింద మడతలు పడుతుంది. రాజు లావెక్కుతున్నాడు, నాణెం చిక్కిపోతున్నది!

రోము బజారు ఎలాగో సర్దుకుంది. కాని పరాయిదేశం వాళ్ళను చట్టంతో ఒప్పించలేరు గదా. మన దేశంలో దొరికే వెండి దీనారాల్లో అత్యధికం నీరో చేసిన ఈ మార్పుకు ముందువే. ఉత్తరాన జర్మను తెగలవాళ్ళు కూడా అంతే. అంచుకు రంపపు పళ్ళున్న పాత నాణేలు, రెండు గుర్రాల రథం ఉన్న పాత నాణేలు అయితేనే పుచ్చుకునేవారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఒకరి మాట ఒకరికి తెలియని దేశాల్లోని జనం ఒకే విధంగా తీర్పు చెప్పారు.

చేతులు మారే వార్తాపత్రిక

నీరో పోయిన తరువాత బొమ్మలకు కొదవ లేదు. నిజానికి అప్పటి నుంచే అవి మరింత రంజుగా తయారయ్యాయి. వెస్పేసియన్ యూదులను అణచివేసిన వార్త నాణెమెక్కింది. యుద్ధచిహ్నం కింద తలవంచుకుని కూర్చున్న ఒక స్త్రీ. ఆమె యూదయ దేశం. గెలిచినవాడు గర్వంతో వేయించిన బొమ్మే గాని, ఈనాడు చూస్తే ఆమె దుఃఖమే మనకు కనిపిస్తుంది. క్రీ. శ. 80లో ఆయన కొడుకు టైటస్ కొలోసియం అనే మహారంగస్థలాన్ని ప్రారంభించి నూరు రోజులు వేడుకలు జరిపాడు. ఆ సంవత్సరపు దీనారం మీద కవచం తొడిగిన ఏనుగు ఉంది. పిల్లలు ఆ నాణెం కోసం పేచీ పెట్టి ఉంటారనుకుంటాను.

హేడ్రియన్ చక్రవర్తి మహాసంచారి. సామ్రాజ్యమంతా తిరిగి వచ్చి, చూసిన దేశాలను వరసగా నాణేల మీద వేయించాడు. ఏనుగు తల టోపీ పెట్టుకున్న ఆఫ్రికా, కాళ్ళ దగ్గర కుందేలుతో స్పెయిను, చేతిలో వాద్యంతో ఈజిప్టు, పడుకుని ఉన్న నైలునది. యాత్ర చేసి వచ్చినవారు మనకు ఆల్బం చూపించినట్టు ఆయన దేశానికంతటికీ తన ఆల్బం చూపించాడు.

తరువాతి ప్రభువు ఆంటొనైనస్ పయస్. ఆయన భార్య ఫాస్టీనా మరణించాక ఏళ్ళ తరబడి ఆమె ముఖంతో నాణేలు వెలువడ్డాయి. జుట్టు నడినెత్తిన ముడి చుట్టి, వెనక 'శాశ్వతత్వం' అనే దేవతతో. అన్ని నాణేలూ ప్రచారమే అంటారు కొందరు. అలా అనడానికి నాకు మనస్కరించదు.

పెళ్ళి బొమ్మ

లండనులో ఉంటున్న మా అన్నగారి అబ్బాయి ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక దీనారం తెచ్చి నాకు చూపించాడు. ఒకవైపు సన్నని ముఖం గల అమ్మాయి, జుట్టు అలలు అలలుగా దువ్వి వెనక ముడి వేశారు. రెండోవైపు ఒక యువకుడూ, ఆ అమ్మాయీ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. మా ఇంట్లో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఇది పెళ్ళి ఫొటోయేనండీ, పాణిగ్రహణం!" అంది.

నిజంగానే అది పెళ్ళి ఫొటో. వరుడు సెప్టిమియస్ సెవరస్ చక్రవర్తి పెద్దకొడుకు కారకల్లా. వధువు ప్లాటిల్లా, చక్రవర్తి అంగరక్షక సేనకు అధిపతి కూతురు. క్రీ. శ. 202లో వివాహం. ఆమె తెచ్చిన కట్నం యాభైమంది రాజకుమార్తెలకు చాలునని ఆనాటి చరిత్రకారుడు డియో రాశాడు. ఆ రోజుల్లో కొట్టిన నాణేల మీద 'నిత్యమైన సామరస్యం' అనీ, 'వంశాభివృద్ధి' అనీ దీవెనలు.

"తరువాత సుఖంగా ఉన్నారా?" అని అడిగింది ఆవిడ. ఏం చెప్పేది? కారకల్లాకు ఆ పిల్ల ముఖం చూడడమే ఇష్టం లేదు. మూడేళ్ళకే మామగారిని చంపించాడు. ప్లాటిల్లాను లిపారి ద్వీపానికి తరిమారు. సెవరస్ కన్నుమూసి పగ్గాలు చేతికి రాగానే కారకల్లా ఆమెను చంపించాడు. క్రీ. శ. 211 చివరలో సొంత తమ్ముడు గెటాను తల్లి ఒడిలోనే పొడిపించి, అతని పేరును శిలాశాసనాల నుంచి కూడా చెక్కించివేశాడు. కాని నాణేలను ఏం చేస్తాడు? అవి అప్పటికే లక్షల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. ప్లాటిల్లా, గెటా ఈనాటికీ వాటి మీద పసిముఖాలతో ఉన్నారు. ప్రభువు కోసం అబద్ధమాడిన నాణేలే, ఆ ప్రభువు చెరపదలచిన నిజాన్ని దాచి మనకు ఇచ్చాయి.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నాణేన్ని మెత్తని గుడ్డలో చుట్టి అబ్బాయి చేతికి ఇచ్చేసింది.

వెండి పూత

ఆ పెళ్ళినాణెంలో వెండి ఎంత? సుమారు సగం! సైనికులను సంతోషపెట్టు, మిగిలినవారిని లెక్కచేయకు అన్నది సెవరస్ తన కొడుకులకు చెప్పిన ఆఖరి హితవు అంటారు. సైనికుల జీతాలు పెంచాడు. పెంచిన జీతాలకు సరిపడే వెండి లేక నాణెంలో రాగి పెంచాడు. క్రీ. శ. 215లో కారకల్లా కొత్త నాణెం ఒకటి తెచ్చాడు. చక్రవర్తి తల మీద సూర్యకిరణాల కిరీటం. దాని విలువ రెండు దీనారాలంటారు. వెండి మాత్రం ఒకటిన్నర దీనారాలంత. తలమీద కిరణాలు పెరిగాయి, లోపల వెలుగు తగ్గింది.

ఆ తరువాత యాభై ఏళ్ళలో చక్రవర్తులు వరసగా వచ్చారు, వరసగా హతమయ్యారు. నాణేల మీద 'శాంతి', 'సమృద్ధి', 'సైన్య విధేయత' అనే దేవతలు మాత్రం తప్పకుండా ఉండేవారు. 'సైన్య విధేయత' అని పదేపదే అచ్చు వేయించుకున్న గాలియెనస్ క్రీ. శ. 268లో తన సేనానుల కుట్రకే బలి అయ్యాడు. ఏది లేదో దాన్నే నాణెం మీద వేయించుకున్నారు పాపం! 270 నాటికి వెండి నాణెం అనేది నూటికి రెండు మూడు పాళ్ళ వెండి ఉన్న రాగి బిళ్ళ. పైన పల్చని వెండి పూత. నాలుగు చేతులు మారేసరికి పూత పోయి రాగి బయటపడేది. ధరలు మండిపోయాయి. దీనారం కనుమరుగైంది. క్రీ. శ. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి మళ్ళీ స్వచ్ఛమైన వెండి నాణెం ఒకటి కొట్టించి, దాని మీద కొన్నిటిపై తన ముఖానికి వెనకవైపు ఏ దేవతనూ వేయలేదు. పౌనుకు తొంభై ఆరు అనే అంకె వేయించాడు! బొమ్మలతో విసిగిన జనానికి చివరికి తూకమే చూపించవలసి వచ్చింది.

ఇదేదో పరాయివారి కథ అనుకోవడానికి వీలులేదు. మన వెండి రూపాయిలో నూటికి తొంభై ఒకటిన్నర పాళ్ళకు పైగా వెండి ఉండేది. యుద్ధం వచ్చింది, 1940లో దాన్ని సగానికి దించారు. 1947లో వెండి బొత్తిగా తీసివేసి నికెలుతో చేశారు. ఆరో జార్జి ముఖం మాత్రం కిరీటంతో సహా అలాగే ఉంది. విక్టోరియా రాణి రూపాయలను మా నాయనమ్మ గుడ్డసంచిలో కట్టి, బియ్యం డబ్బా అడుగున పెట్టేది. కొత్త రూపాయిని గచ్చు మీద పడేసి, చప్పుడు విని, పెదవి విరిచేది. అక్షరం ముక్క రాని మనిషి. లంకారాజు వేసిన ప్రశ్ననే ఆవిడా వేసింది.

దీనారం పోయినా దాని పేరు పోలేదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాణి రుద్రధర భట్టారిక నాగార్జునకొండ మహాచైత్యంలో ఒక స్తంభానికి నూట డెబ్భై 'దీనారి మాషకాలు' ఇచ్చినట్టు అక్కడి శాసనంలో ఉంది. గుప్తుల బంగారు నాణెం పేరు దీనారమే. ఇంగ్లీషువాళ్ళు 1971 వరకు పెన్నీకి 'డి' అనే అక్షరం వేసేవారు. ఆ 'డి' కూడా డినేరియస్సే. అరబ్బుల నోట అది దీనారు అయింది.

ఈనాడు కడప జిల్లాలో ఏ పల్లెకు వెళ్ళినా కువైటులో కొడుకో, కూతురో ఉన్న తల్లి కనిపిస్తుంది. నెలాఖరున ఫోను రాగానే ఆవిడ యోగక్షేమాలు కనుక్కున్నాక అడిగేది ఒక్కటే. "దీనారుకు ఇవాళ ఎన్ని రూపాయలు నాయనా?" అని. దాని మీద ఎవరి బొమ్మ ఉందో ఎన్నడూ అడగదు.